ఆరో బిళ్ళ

సాయంత్రం సరిగ్గా ఆరింటికి కూర్మారావుకు రమ్ము గుర్తొచ్చింది. గుటక వేసింది మాత్రం మీరావలి. ఆ పక్కన తవిటయ్య పెదాలు తడుపుకున్నాడు. లోకనాథం గొంతు సవరించుకున్నాడు. బల్ల చివర కూర్చున్న హవల్దార్ పోలినాయుడు మీసం దువ్వుకుని, తనకేమీ కానట్టు పైకప్పు రేకుల వంక చూశాడు.

పలాస దగ్గర మూతపడిన జీడిపప్పు ఫ్యాక్టరీ అది. పిక్కలు కాల్చిన వాసన గోడల్ని ఇంకా వదల్లేదు. తాగుడు మానాలనుకునే మాజీ సైనికుల కోసం దాన్ని బాగుచేయించి, తన యంత్రాలన్నీ తెచ్చి పెట్టుకుంది డాక్టర్ తబిత. ప్రస్తుతం ఆమె చేతిలో గడియారం పట్టుకుని ఐదుగురి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"ఎవరికైనా ఇంకా దాహంగా ఉందాండీ?"

ఐదుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లేదు.

"రెండు నిమిషాల యాభై సెకన్లు!" అని తబిత చిన్నపిల్లలా గెంతినంత పని చేసింది.

పంతొమ్మిదేళ్ళు మిలటరీ మెస్సులో గరిటె తిప్పిన కూర్మారావుకు నమ్మకం కుదరలేదు. "రోజూ ఈ టయానికి గంటసేపు గోడకేసి కొట్టేది డాక్టరమ్మా. ఇయ్యాల సీమ కుట్టినట్టుగుంది, అంతే."

సంగతంతా చెవి వెనక అతికించిన రూపాయి బిళ్ళంత పరికరంలో ఉంది. ఒకడికి తాగాలనిపిస్తే ఆ కోరికను పట్టి, బిళ్ళలున్న వాళ్ళందరికీ తలా కాస్త పంచిపెడుతుంది. ఊళ్ళో ఎవరెక్కడున్నా సరే. పొయ్యిలో కట్టెలన్నీ ఒకచోట ఉంటే భగభగ మండుతాయి, విడదీసి పారేస్తే ఆరిపోతాయి. తబిత పదేళ్ళ చదువు సారం ఇంతే. బిళ్ళ చుట్టూ తిరిగే అంచు ఒకటి ఉంది. సున్నా నుంచి పది దాకా గీతలు. మామూలుగా అందరూ ఒకటి మీద ఉంచుకోవాలి. ఒంట్లో బాగోని రోజు సున్నాకు తిప్పుకుంటే ఆ పూటకు వాటా తప్పుతుంది. ఎవరి అంచు వాళ్ళ వేలికే తిరుగుతుంది.

"ఇంకో మాట," అంది తబిత. "ఎవరు ఎంత మోస్తున్నారో నా మిషను చూడదు. మొత్తం ఎంతో చూస్తుంది, అంతే. మీ పరువు మీ దగ్గరే ఉంటుంది."

"మరి డాక్టరమ్మా," అని తవిటయ్య సందేహంగా చెయ్యెత్తాడు, "నాకిప్పుడు తలకాయ కూర తినాలనుంది. నానెప్పుడూ తిననేదు."

మీరావలి సిగ్గుపడి నేల చూపులు చూశాడు. తబిత నవ్వేసింది. దాహం వచ్చే దారినే నోరూరడం కూడా వస్తుందనీ, ఆ రెంటినీ విడదీయడం తనకింకా చేతకాలేదనీ ఒప్పుకుంది. ఆ పూటకు అందరూ నవ్వుకున్నారు.

పోలినాయుడు ఇరవై రెండేళ్ళు సైన్యంలో ఉన్నాడు. మంచుకొండల మీద చలికి మొదలైన చుక్క, ఇంటికొచ్చాక ఎండకు కూడా అవసరమైంది. క్యాంటీన్‌లో నెలనెలా వచ్చే రమ్ము కోటా పుణ్యమా అని చుట్టాలు పెరిగారు, స్నేహితులు పెరిగారు. చివరికి వాళ్ళందరూ ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు, సీసా మాత్రం ఉండిపోయింది. భార్య చిన్నమ్మడు రెండుసార్లు తమ్ముడింటికి వెళ్ళిపోయి, రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి వెళితే రానని చెప్పింది. ఆవిడ అన్న మాట మీద నిలబడే రకమని అతనికి తెలుసు. అందుకే ఆర్నెల్ల క్రితం అతనంతట అతనే వచ్చి తబిత గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ వెళ్ళిపోయిన ఇంట్లో ఒక్కపూట కూడా ఉండలేనన్న భయం అతన్ని అక్కడికి లాక్కొచ్చింది.

బిళ్ళలు పెట్టిన నాలుగో రోజున తవిటయ్య ఏడ్చాడు. అందరిలోకీ చిన్నవాడు, అందరికంటే ఎక్కువ దాహం వాడిదే. మంచుచరియ కింద స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడు. "నా ఒక్కడి వల్ల మీ నలుగురికీ బాద ఉస్తాద్," అంటూ బిళ్ళ పీకెయ్యబోయాడు. జవాన్లకు హవల్దార్ అంటే ఉస్తాదే, ఉద్యోగం వదిలినా పిలుపు వదలదు.

పోలినాయుడు వాడి చెయ్యి పట్టుకుని ఆపి, నలుగుర్నీ నీళ్ళ కొళాయి దగ్గరకు తీసుకుపోయాడు. "ఒరే, అందరూ మీ అంచులు సున్నాకి తిప్పీండి. నాది పదికి తిప్పుతాను. మీ దాహాలన్నీ నాకే వస్తాయి."

"డాక్టరమ్మకి తెలస్తే?" అన్నాడు లోకనాథం. రెజిమెంటులో గుమాస్తాగా చేసినవాడు, రూలు తప్పాలంటే వాడికి చెమటలు పడతాయి.

"ఎలగ తెలస్తదిరా? ఎవరిదెంతో మిషను సూడదని ఆవిడే సెప్పింది గదా."

"మరి నీకో, ఉస్తాద్?"

"నాకలవాటే. తిప్పండి. ఇది ఆర్డరు."

సైన్యంలో ఒక పద్ధతి ఉంది. పదిమందికి పెద్దయినవాడు తన జవాన్లందరూ తిన్నాకే పళ్ళెం పట్టుకుంటాడు, బరువైతే ముందు తనే ఎత్తుకుంటాడు. మంచి పద్ధతే. కాని మనిషితోపాటు పద్ధతులు కూడా రిటైరవ్వాలి, లేకపోతే ఇంట్లో కూర్చుని తంటాలు తెస్తాయి. అంచును ఎవరైనా తగ్గించుకుంటారేమోనని తబిత జాగ్రత్త పడింది గాని, పదికి తిప్పుకునేవాడు ఒకడుంటాడని కలలో కూడా అనుకోలేదు. ఆవిడ చదివింది మెదడు గురించి, హవల్దార్ల గురించి కాదు.

మర్నాడు పొద్దున్న అందరూ వరసలో నిలబడ్డారు. తబిత రిజిస్టరు తెరిచింది. "సబ్ ఠీక్ హై!" అని పోలినాయుడు ఎప్పటిలాగే రిపోర్టు ఇచ్చాడు. నలుగురు కుర్రాళ్ళ మొహాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. అది చూసి అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అందులో గర్వమూ ఉంది, ప్రేమా ఉంది, కాస్త తెలివితక్కువతనమూ ఉంది.

ఇంట్లో వ్యవహారం వారం తిరక్కుండానే మొదలైంది.

"ఏటే, ఈ ఊర్లో కాకరకాయలు దొరకవా?" అన్నాడొక రోజు, అన్నం ముందు కూర్చుని.

చిన్నమ్మడు చేతిలో గరిటె ఆగిపోయింది. పెళ్ళయిన కొత్తలోనే, కాకరకాయ గుమ్మం దాటి లోపలికి రాకూడదని శాసనం చేసిన మనిషి ఇతను. "ఎవరికి?" అంది.

"నాకే. ఏపుడు సెయ్యి. కరకరలాడాల."

చేసింది. లొట్టలేసుకుంటూ తిన్నాడు. రెండు రోజుల తర్వాత పొద్దున్నే చద్దన్నంలోకి ఎండు మెత్తళ్ళ పులుసు కావాలన్నాడు. పక్కింట్లో ఎండు చేప కాలిస్తే ముక్కు మూసుకుని వీధిలోకి పోయే మనిషి. ఆదివారం తలకాయ కూర. సోమవారం సున్నుండలు. ముద్దపప్పూ ఆవకాయా తప్ప మూడో రుచి ఎరగని నోరు అది. చిన్నమ్మడు నడుం మీద చెయ్యేసుకుని మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"కడుపుతో ఉన్నప్పుడు నాను కూడా ఇన్ని అడగనేదు మావా. ఏటయింది నీకు?"

"ఏటవుతాది? ఆకలి," అని పోలినాయుడు చెంబు పట్టుకుని పెరట్లోకి తప్పుకున్నాడు.

తిండి సంగతి నవ్వులాటే. దాహం సంగతి నవ్వులాట కాదు. ఐదుగురి దాహం ఒకడి గొంతులో కూర్చుంటే అది మూడు నిమిషాల్లో ఆరదు, ముప్ఫై నిమిషాలకూ ఆరదు. మొదట్లో ఆరింటికి వచ్చేది. తర్వాత ఐదింటికి, ఆ తర్వాత మధ్యాహ్నం భోజనం చేస్తుండగానే. చేతులు వణికితే జేబులో దాచుకునేవాడు. మాట తడబడితే దగ్గేవాడు. కక్కలేక మింగలేక తిరిగేవాడు.

ఇరవయ్యో రోజున తబిత అతన్ని ఒక్కణ్ణీ గదిలోకి పిలిచి గోడమీది గీత చూపించింది.

"నాయుడు గారూ, మీ ఐదుగురూ బాగానే ఉన్నామంటున్నారు. కాని మొత్తం దాహం చూడండి. ఈపాటికి సగానికి దిగాలి. దిగకపోగా పైకి పోతోంది. ఎవరూ మొయ్యని బరువు ఎక్కడుంటుందండీ?"

పోలినాయుడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"నా లెక్కే తప్పయ్యుంటుంది," అంది తబిత, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఆపేస్తాను. పనిచెయ్యని దాన్ని మీ చెవుల వెనక అతికించి మోసం చెయ్యలేను."

ఆవిడ కళ్ళు తడిగా ఉండటం చూసి అతనికి నిజం నోటిదాకా వచ్చింది. చెబితే తవిటయ్య మళ్ళీ ఏడుస్తాడు. చెప్పకపోతే శుక్రవారంతో అందరి బతుకులూ మొదటికొస్తాయి. ఎటూ తేల్చుకోలేక బయటికొచ్చాడు. ఆ తేల్చుకోలేకపోవడంలోనే కాళ్ళు వాటంతటవే బజారు వైపు నడిచాయి.

మందు షాపువాడు అతన్ని చూసి మురిసిపోయాడు. "ఏటి సార్, ఊర్లో నేరా ఇన్నాళ్ళూ?" అంటూ అడక్కుండానే సీసా తీసి బల్లమీద పెట్టాడు. పోలినాయుడి చెయ్యి సీసా మెడ పట్టుకుంది. ఐదుగురి దాహం ఒక్కసారి ఎగిసి, చెవుల్లో హోరుమంది. సరిగ్గా అప్పుడే, ఊళ్ళో ఇంకెక్కడో కూర్చుని ఉన్న లోకనాథానికి సున్నుండ తినాలనిపించినట్టుంది. నేతి వాసన పోలినాయుడి ముక్కుపుటాల నిండా కమ్ముకుంది. సీసా వదిలేసి రోడ్డు దాటి మిఠాయి కొట్లో పడ్డాడు. నిలబడ్డచోటే ఆరు సున్నుండలు తిన్నాడు.

ఆ పూటకు లోకనాథం నోరు కాపాడింది. రేపు ఎవరు కాపాడతారో తెలియదు. ఇంటికొచ్చిన మొగుడి చొక్కామీద మినప్పిండినీ, వణికే చేతుల్నీ, అతనొచ్చిన దారినీ చిన్నమ్మడు చూసింది. ఏమీ అడగలేదు. బిళ్ళలు కోరికల్ని పంచుతాయని మొగుడు చెప్పింది గుర్తొచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న ఫ్యాక్టరీ వాకిట్లో ఐదుగురూ వరసలో నిలబడి ఉండగా, నాలుగు గిన్నెల క్యారియరుతో చిన్నమ్మడు లోపలికొచ్చింది.

"డాక్టరమ్మా, ఒక్క నిమిషం. తమ్ముళ్ళూ, కదలకండి," అని క్యారియరు విప్పి, గిన్నెలు నాలుగూ వాళ్ళ కాళ్ళ ముందు వరసగా పెట్టి, మూతలు తీసింది.

"కాకరకాయ ఏపుడు!" తవిటయ్య గొంతు కీచుమంది. "అక్కా, అచ్చం మాయమ్మ సేసినట్టే!"

మీరావలి తలకాయ కూర గిన్నె దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కూర్మారావు మెత్తళ్ళ పులుసు వాసన పీల్చి, "సింతపండు ఒక్క రవ్వ తగ్గింది," అని వంటవాడి బుద్ధి పోనిచ్చుకోకుండా చెబుతూనే వేలుపెట్టి నాకాడు. పదిహేడేళ్ళ సర్వీసులో ఏనాడూ వరస తప్పని లోకనాథం రెండడుగులు ముందుకేసి సున్నుండ అందుకున్నాడు.

చిన్నమ్మడు తబిత వైపు తిరిగింది. "నా మొగుడికి ఈ నాలుగిట్లో ఒక్కటీ పడదు డాక్టరమ్మా. రెండు వారాలుగా ఈ నలుగురి నోళ్ళూ మా ఇంట్లో తింటన్నాయి. మరి ఈళ్ళ దాహాలెవరు తాగుతన్నారు?"

లోకనాథం నోట్లో సున్నుండ నోట్లోనే ఉండిపోయింది.

తబిత మెల్లిగా వచ్చి పోలినాయుడి ముందు నిలబడింది. "మీ అంచు ఎంతమీద ఉందండీ?"

అతను అటెన్షన్‌లోకి వచ్చాడు. "పది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదిహేడు రోజులు."

తబితకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కనున్న గోనె బస్తా మీద కూలబడి, కాసేపు రెండూ చేసింది. "నా లెక్క తప్పు కాదన్నమాట. అయ్యా, మీరు బతికుండటమే వింత. కట్టెలన్నీ తెచ్చి ఒక్క పొయ్యిలో పెట్టారు! తిప్పండి, ఇప్పుడే తిప్పండి."

నలుగురు కుర్రాళ్ళూ అప్పటికే చెవి వెనక చేతులు పెట్టి అంచులు ఒకటికి తిప్పేశారు. పోలినాయుడు మాత్రం కదల్లేదు.

"ఆళ్ళు నా మనుసులు డాక్టరమ్మా. నా బరువు కుర్రాళ్ళ మీద ఎయ్యను. సర్వీసంతా ఎయ్యనేదు," అన్నాడు. ఈమధ్య దాహం సాయంత్రం దాకా ఆగడం లేదు. ఇప్పుడు కూడా పాదాల్లోంచి పైకి పాకుతోంది.

"నాకో బిళ్ళ ఇవ్వండి," అంది చిన్నమ్మడు.

తబిత ఉలిక్కిపడింది. "అలవాటు లేనివాళ్ళకి ఎప్పుడూ పెట్టలేదమ్మా. ఎలా ఉంటుందో నాకే తెలియదు."

"తాగుడు అలవాటు నేదు గాని, తాగినోడు అలవాటే. ఇవ్వండి."

తబిత చాలాసేపు ఆలోచించింది. చివరికి, ఒక్క నిమిషం దాటితే తానే పీకేస్తానని చెప్పి, ఆరో బిళ్ళ తెచ్చి చిన్నమ్మడి చెవి వెనక అతికించింది. చిన్నమ్మడు అంచు పట్టుకుని పది దాకా తిప్పేసింది.

దాదాపు సగం దాహం ఆమె మీదికి దూకింది. చిన్నమ్మడు చప్పున స్తంభం పట్టుకుంది. నాలుక అట్టకట్టింది. ఏ వాసనకు ముక్కు మూసుకుని సీసాలు కాలవలో పారబోసిందో, ఆ వాసన కోసం ఆమె ప్రాణం కొట్టుకుంది. ఎవరైనా అప్పుడు గ్లాసు అందిస్తే రెండు చేతులా పట్టుకుని తాగేసేది.

"ఇదా?" అంది, నీళ్ళు నిండిన కళ్ళతో. "ఇంత ఉంటదా మావా? నువ్వు సరదాకి తాగుతన్నావనుకున్నాను."

పోలినాయుడు గాభరాపడిపోయాడు. "తీసీ! తీసీయే, నీకెందుకిది!"

"తియ్యను." ఆమె స్తంభం వదల్లేదు. "ఇరవై ఎనిమిదేళ్ళు అడక్కుండా నా నెత్తినేసినావు. మోసినాను. ఇప్పుడు అడిగి ఎయ్యి. నన్నడుగు, ఈళ్ళనడుగు. అడిగినోడి బరువు మొయ్యొచ్చు మావా, దాసుకున్నోడిదే మొయ్యలేం."

హవల్దార్ పోలినాయుడు నలుగురి వైపూ చూశాడు. నలుగురూ వరసలోకి వచ్చి నిలబడ్డారు. తవిటయ్య మూతి మీద కాకరకాయ కారం, కళ్ళల్లో నీళ్ళు. అడగడానికి నోరు తెరిచాడు. శత్రువు ఎదురైనప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు అతనికి.

"ఒరే," అన్నాడు చివరికి. "నాకు సేతకావట్నేదురా. కూసింత పట్టండి."

"పట్టినాం ఉస్తాద్!" నలుగురూ ఒక్క గొంతుతో అరిచారు. చెట్టుమీది కాకులు లేచిపోయాయి.

అతను వేలు పెట్టి అంచు తిప్పాడు. తొమ్మిది గీతలు, ఒక్కొక్కటే. "మీరూ తిప్పండమ్మా, ఒకటికి!" అని తబిత అరిచింది. చిన్నమ్మడూ తిప్పింది. ఆరుగురూ ఒకేసారి గుటకేశారు. తబిత గడియారం చూస్తూ నిలబడింది. నిమిషం. రెండు. మూడో నిమిషం సగంలో పోలినాయుడి భుజాలు కిందికి దిగాయి. పదిహేడు రోజుల తర్వాత మొదటిసారి అతనికి మామూలు ఆకలి వేసింది. తినడానికి చూస్తే గిన్నెల్లో తనకిష్టమైంది ఒక్కటీ లేదు. ఆ గిన్నెలు కూడా అప్పటికే ఖాళీ.

శుక్రవారం వచ్చింది, పోయింది. తబిత ఏదీ ఆపలేదు. గోడమీది గీత రోజుకింత కిందికి జారింది. కొత్తగా ఒక నియమం మాత్రం రాసిపెట్టింది: ఏ అంచూ రెండు దాటి తిరక్కూడదు, హవల్దార్లకైతే ఒకటే. ఇంటి మనిషి బిళ్ళ పెట్టుకోవాలా వద్దా అన్నది ఇంటి మనిషి ఇష్టం. చిన్నమ్మడు తీయనంది. ఆరింటికి ఆ కాస్త దాహం వచ్చినప్పుడల్లా పెరట్లో గబగబా తిరుగుతూ, రమ్ము కనిపెట్టినవాడి ఏడు తరాల్నీ తిట్టిపోసేది. మూడు నిమిషాలయ్యాక లోపలికొచ్చి మజ్జిగ తాగేది.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పోలినాయుడు సైకిలు తొక్కుకుంటూ వస్తుండగా నోట్లో ఏదో కొత్త ఆరాటం మొదలైంది. చల్లగా, తియ్యగా, కాస్త పుల్లగా. నాలుక మీద ఐసు గరగర. నారింజ రంగు కూడా కళ్ళకు కట్టింది. పుల్లయిసు! జన్మలో దాని మొహం చూడలేదతను.

సైకిలు గట్టున ఆపి తవిటయ్యకు ఫోన్ చేశాడు. "ఒరే, పుల్లయిసు నీదేనా?" కాదన్నాడు. మీరావలి పళ్ళు జివ్వుమంటాయన్నాడు. కూర్మారావు అది తిండే కాదన్నాడు. లోకనాథం తన ఇష్టాలన్నీ రాతపూర్వకంగా ఇచ్చాననీ, అందులో పుల్లయిసు లేదనీ చెప్పాడు.

పోలినాయుడు వేళ్ళమీద బిళ్ళలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత సైకిలు తిప్పి స్కూలు గేటు దగ్గరి ఐసుబండి వైపు తొక్కాడు.

ఇంటికి చేరేసరికి చిన్నమ్మడు వసారాలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. చేతులు వెనక దాచుకుని, "ఏటే, నీకేటైనా కావాలా?" అన్నాడు.

"నాకేటొద్దు," అంది తలెత్తకుండా.

అతను చెయ్యి ముందుకు చాపాడు. రెండు పుల్లయిసులు, ఎండకు కారుతూ. చిన్నమ్మడు వాటినీ అతన్నీ చూసి, చెవి వెనక చెయ్యి పెట్టుకుంది.

"ఇదీ సెప్పీసిందేటి?" అంది. పెళ్ళినాడు కూడా అంత సిగ్గుపడలేదావిడ.

"ఎప్పట్నుంచే?"

"సిన్నప్పట్నుంచీ. మా నాన్న సంతకెల్తే కొనీవోడు."

"మరి ఇన్నేళ్ళూ సెప్పనేదేటి?"

"నువ్వడగనేదు గదా."

కారిన రసం అతని మణికట్టు దాటి మోచేతి దాకా వచ్చింది. ఆమె ఒకటి అందుకుని, వీధిలో ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, చటుక్కున ఒక ముక్క కొరికింది. పెదాలు నారింజ రంగయ్యాయి. ఆ క్షణంలోనే పోలినాయుడి నోట్లో ఆరాటం చల్లగా తీరిపోయింది. అతని చేతిలో పుల్లయిసును అతనింకా ముట్టుకోనేలేదు.